పఠన క్లేశం – బడి బాధ్యత: కృష్ణా డెల్టా నేర్పే చారిత్రక పాఠం

ఉపోద్ఘాతం:
విజయవాడ గవర్నర్‌పేట మీదుగా సాగే ఏలూరు రోడ్డు తెలుగు పుస్తక ప్రచురణకు, విక్రయానికి చిరకాలంగా పేరొందింది. ఇంతటి పుస్తక సంపద నడుమ కూడా పాఠం చదవలేని పిల్లలుండటం గమనార్హం. వారిపై ‘మొద్దు’ అన్న ముద్ర వేయడం సులభం. అయితే పఠన క్లేశానికి కారణం ఒక్కటి కాదని గత శతాబ్ది చరిత్ర స్పష్టం చేస్తోంది.

పుస్తకం అందకపోవడం:
తొలి కారణంగా గుర్తింపు పొందింది పుస్తకాల కొరత. బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం వెలసింది. 1914లో ఇదే పట్టణంలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య ఈ ఉద్యమానికి సారథ్యం వహించారు. పాతూరి నాగభూషణం 1935లో డెల్టా కాలువపై పడవ గ్రంథాలయాన్ని నడిపించారు. పాఠకుడు పుస్తకం వద్దకు రాలేకపోతే పుస్తకమే అతని వద్దకు వెళ్ళాలన్నది అందులోని సూత్రం. అయితే పుస్తకం చేతికందినంత మాత్రాన చదవడం రాదు.

భాష అందకపోవడం:
రెండవ కారణాన్ని గిడుగు వెంకట రామమూర్తి ఎత్తిచూపారు. ఇంట మాట్లాడే భాష ఒకటి, బడిలో చదివే గ్రాంథికం మరొకటి అయినప్పుడు విద్యార్థి శ్రమ రెట్టింపవుతుంది. 1910 దశకంలో జయంతి రామయ్య ప్రభృతులతో సాగిన వాదోపవాదాల సారాంశం ఇదే. కాలక్రమేణా వ్యావహారికం పాఠ్యపుస్తకాల్లో ప్రవేశించింది. కానీ ఆ ప్రమాణ భాషకు కృష్ణా, గోదావరి మండలాల విద్యావంతుల వాడుకే ప్రధానాధారమైంది. ఇతర మాండలికాలు, గిరిజన భాషలు మాట్లాడే పిల్లలకు దూరం పూర్తిగా తొలగలేదు. గిడుగు సవర పిల్లలకు సవర భాషలోనే వాచకాలు రూపొందించడం ఈ సందర్భంలో స్మరణీయం.

లిపి నిర్మాణం:
పై రెండు ఉద్యమాలూ స్పృశించని కారణం మూడవది. తెలుగు లిపిలో అక్షరాలు, గుణింతాలు, వత్తులు కలిసి వందలాది రూపాలు ఏర్పడతాయి. ‘భక్తి’ అన్న పదంలో గుడి ‘క’ మీద ఉంటుంది. దాని ధ్వని మాత్రం ‘త’ వత్తు తరువాత వినిపిస్తుంది. కన్ను చూసే వరుస, నోరు పలికే వరుస వేరన్నమాట. తెలుగుకు సన్నిహితమైన కన్నడ లిపిపై సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, అక్షరాలపై పట్టు సాధించడానికి పిల్లలకు అనేక సంవత్సరాలు పడుతుందని నిరూపించింది. ఒకటో తరగతితోనే అక్షరాభ్యాసం ముగిసిందని భావించడం అందువల్ల పొరపాటు.

బడి చేయవలసినది:
ముందుగా ప్రతి విద్యార్థి చేత విడివిడిగా చదివించి, తప్పు స్వభావాన్ని నమోదు చేయాలి. వత్తుల వద్ద తడబడేవారికి సంయుక్తాక్షరాల అభ్యాసం మూడు, నాలుగు తరగతుల్లోనూ కొనసాగాలి. చదివినా అర్థం గ్రహించలేనివారికి ఇంటి పలుకుబడి నుంచి పాఠ్యభాషకు వంతెన వేయాలి. చదవడం వచ్చినా అలవాటు లేనివారికి తరగతి గదిలోనే పుస్తకాలు అందుబాటులో ఉంచాలి. తగిన బోధన తరువాత కూడా ఇబ్బంది తొలగకపోతే నిపుణుల పరీక్ష అవసరం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని గుర్తించింది కాబట్టి, ఆ సహాయం విద్యార్థికి హక్కే గాని దయ కాదు.

ముగింపు:
గ్రంథాలయోద్యమం పుస్తకాన్ని, వ్యావహారికోద్యమం భాషను పాఠకునికి చేరువ చేశాయి. లిపిని చేరువ చేయడం ప్రాథమిక పాఠశాల చేతిలోనే ఉంది. ఒక కారణానికి తగిన మందు మరొక కారణానికి పనిచేయదు. కారణ నిర్ధారణ లేకుండా అదే పాఠాన్ని పదేపదే వల్లె వేయించడం వల్ల విద్యార్థి కాలమే కాక ఆత్మవిశ్వాసం కూడా హరించుకుపోతుంది.