వకీలు కావాలని ఎవరు అడగాలి?

1951లో తెలంగాణ రైతాంగ ఖైదీల కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. సాయుధ పోరాటం నాటి హత్య కేసుల్లో ప్రత్యేక ట్రిబ్యునల్ వాళ్లకు ఉరిశిక్ష వేసింది. వాళ్ల కోసం ఇంగ్లండ్ నుంచి డి.ఎన్. ప్రిట్ అంతటి బారిస్టరు వచ్చాడు. ట్రిబ్యునల్ ముందు తమకు వకీలే లేడన్నది వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి. జనార్దన్ రెడ్డి కేసుగా లా పుస్తకాలకెక్కిన ఆ తీర్పు దీన్ని ఒప్పుకోలేదు. వకీలును పెట్టుకునే హక్కు ముద్దాయికి ఉంది, కానీ వకీలు లేనంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదు అంది. అదే ఏడాది తారాసింగ్ కేసులో మరో మాట కూడా తేలింది: వకీలు కావాలని అడగాల్సింది ముద్దాయే. అడగనిదే అమ్మయినా పెట్టదన్న సామెతే అప్పటి చట్టం.

బ్రిటిష్ వాళ్ల కాలంలోనూ పేదలకు దక్కిన సాయం అంతంతమాత్రమే. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో పాపరు దావా ఉండేది. ఆస్తిపాస్తుల జాబితా రాసిచ్చి, తాను నిరుపేదనని కోర్టులో రుజువు చేసుకుంటే స్టాంపు ఫీజు మాఫీ. ప్లీడరును మాత్రం తానే వెతుక్కోవాలి. ఆ దావాదారుకు కోర్టే ప్లీడరును ఇచ్చే నిబంధన 1976 సవరణతో గానీ రాలేదు. బొంబాయిలో 1924లో కొందరు పెద్దమనుషులు లీగల్ ఎయిడ్ సొసైటీ పెట్టారు. 1949లో బొంబాయి, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వాలు కమిటీలు వేశాయి. 1958లో సెతల్వాడ్ అధ్యక్షతన లా కమిషన్, పేదలకు న్యాయసహాయం ప్రొసీజర్‌లో చిన్న సమస్య కాదు, మూలానికి సంబంధించిన ప్రశ్న అని గట్టిగానే చెప్పింది. ఖర్చు దగ్గరికొచ్చేసరికి ప్రభుత్వాలన్నీ మౌనం.

కదలిక వచ్చింది 1970లలో. గుజరాత్‌లో జస్టిస్ పి.ఎన్. భగవతి కమిటీ, ఆ తర్వాత కేంద్రంలో జస్టిస్ కృష్ణయ్యర్ కమిటీ, చివరికి ఇద్దరూ కలిసి ఇచ్చిన 1977 నివేదిక. మూడింటి సారం ఒకటే: పేదవాడు కోర్టుకు వచ్చేదాకా ఆగకుండా చట్టమే అతని ఊరికి వెళ్లాలి. ఈలోగా 42వ సవరణ రాజ్యాంగంలో 39ఎ అధికరణాన్ని చేర్చింది. చరిత్ర ఎంత వింతది! పౌరహక్కుల మెడకు ఉరి బిగించిన ఎమర్జెన్సీలో, అందరూ తిట్టుకున్న సవరణ నుంచే పేదలకు ఉచిత న్యాయసహాయం పుట్టింది. ఆ ఎమర్జెన్సీలోనే, నిర్బంధంలో ఉన్నవాళ్లు కోర్టు గడప తొక్కే వీల్లేదన్న అపఖ్యాతి తీర్పులో భగవతి కూడా ఒక సంతకం పెట్టారు. తర్వాతి పదేళ్ల ఆయన తీర్పులు చదువుతుంటే ఆ సంతకం బరువు వెన్నాడినట్టే అనిపిస్తుంది నాకు.

1979లో మాజీ పోలీసు అధికారి కె.ఎఫ్. రుస్తుంజీ ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో బీహార్ జైళ్ల గురించి రాశారు. నేరం రుజువైతే పడే శిక్ష కన్నా ఎక్కువ కాలంగా విచారణ ఖైదీలుగానే మగ్గుతున్న మనుషులు వాళ్లు. న్యాయవాది కపిలా హింగోరాణీ ఆ వార్తలే ఆధారంగా పిటిషన్ వేశారు. హుస్సేనారా ఖాతూన్ కేసులో ఉచిత వకీలు 21వ అధికరణంలో భాగమైంది. రెండేళ్లకు భాగల్‌పూర్‌లో పోలీసులు కళ్లు పొడిచిన ఖైదీల కేసు. వాళ్లు అడగలేదు గనుక ఇవ్వలేదని అధికారులు, డబ్బు లేదని ప్రభుత్వం. రెండు సాకులనూ కోర్టు తోసేసింది, నీకు వకీలు హక్కుందని మేజిస్ట్రేటే చెప్పాలంది. 1986లో అరుణాచల్ నుంచి వచ్చిన సుక్ దాస్ కేసులో, అతనికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదన్న కారణంతో శిక్షనే కొట్టేశారు. తారాసింగ్ నాటి మాట తిరగబడటానికి ముప్పై అయిదేళ్లు పట్టింది.

1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం వచ్చింది, 1995 నవంబరు 9 దాకా అమల్లోకి రాలేదు. చట్టం చుట్టూ ఎక్కువగా ఊరేగింది లోక్ అదాలత్. గుజరాత్‌లోని రంగపూర్‌లో హరివల్లభ్ పరీఖ్ ఆశ్రమంలో గిరిజనుల తగవులు 1949 నుంచే ఆ పేరుతో తీరుతుండేవి. 1982లో జునాగఢ్ జిల్లా ఉనాలో న్యాయవ్యవస్థ తనది మొదలుపెట్టింది. ఇవాళ చెక్ బౌన్సులు, యాక్సిడెంట్ క్లెయిములు, ట్రాఫిక్ చలానాలు లెక్కలకు బాగా పనికొస్తున్నాయి. రాజీ కుదిర్చే చోటు అది, అంతే. రిమాండులో ఉన్న కూలీకి బెయిలు రాదు దానివల్ల.

నా లెక్కన అసలు పని దారి చూపే మనుషులది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇందిరా క్రాంతి పథం కింద నడిచిన భూమి కార్యక్రమం దీనికి మంచి ఉదాహరణ. ఊళ్లోని చదువుకున్న కుర్రాళ్లను మహిళా సమాఖ్యల ద్వారా తీసుకుని పారాలీగల్స్‌గా తయారుచేశారు. పహాణీలో పేరెవరిది, పొలంలో సాగెవరిది, లావణి పట్టా చేతిలో ఉన్నా భూమి ఎందుకు దక్కలేదు, ఇవన్నీ వాళ్లు ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చేవాళ్లు. వెనక లా చదివినవాళ్లు, కమ్యూనిటీ సర్వేయర్లు. ఎమ్మార్వో ఆఫీసులో అర్జీ కదలాలంటే ఎవరి బల్ల దగ్గర నిలబడాలో తెలిసిన మనిషి పక్కనుండటం ఏ సుప్రీంకోర్టు తీర్పుకూ తీసిపోదు. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2009లో పారాలీగల్ వాలంటీర్ల పథకం తెచ్చింది. లా కాలేజీల్లో, జైళ్లలో క్లినిక్‌లు పెట్టించింది. కొన్ని పనిచేస్తున్నాయి, కొన్నింటికి బోర్డే మిగిలింది.

ఇక వచ్చే వకీలు ఎలాంటివాడన్న సంగతి. మధ్యప్రదేశ్ అనోఖీలాల్ కేసులో, ఉరిశిక్ష పడిన ముద్దాయికి ప్రభుత్వ ఖర్చుతో వకీలునిచ్చిన రోజే అభియోగాలు నమోదయ్యాయి. కాగితాలు తిరగేసే వ్యవధే లేదు. 2019లో సుప్రీంకోర్టు ఆ శిక్ష రద్దుచేసి, ఇలాంటి కేసుల్లో పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లనే పెట్టాలని, సిద్ధం కావడానికి కనీసం వారం ఇవ్వాలని చెప్పింది. 2022 నుంచి జిల్లాల్లో, పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు దీటుగా, పూర్తికాలం డిఫెన్స్ కౌన్సిల్ కార్యాలయాలు పెడుతున్నారు. కేసుకింతని ప్యానెల్ వకీలుకు విదిలించే పద్ధతి కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు.

2024 అక్టోబరులో సుహాస్ చక్మా కేసులో సుప్రీంకోర్టు మరో చిన్న మార్పు సూచించింది. శిక్ష పడిన మనిషికిచ్చే తీర్పు కాపీ పైన ఒక కాగితం జతచేయాలి. అప్పీలుకు ఉచితంగా వకీలు దొరుకుతాడని, ఎవరిని కలవాలో అందులో ఉండాలి. మన జిల్లా కోర్టుల్లో తీర్పులు ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తాయి. కనీసం ఆ కాగితమైనా తెలుగులో, పెద్ద అక్షరాల్లో, న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100 నంబరుతో అచ్చువేయాలి. జైల్లో దాన్ని చదివి వినిపించడానికి ఒక వాలంటీరూ ఉండాలి.