ఫర్మానా నుంచి వీసా దాకా: సంతకం ఎవరిది?

వలస గురించి మన సాహిత్యం చాలా రాసింది. విమర్శ కూడా తక్కువేమీ రాయలేదు. అయితే ఆ రాతల్లో ఎక్కువ భాగం వలసను రెండు విధాలుగానే చూసింది. పేదవాడు వెళితే ఆకలి, చదువుకున్నవాడు వెళితే ఆశ. ఆకలికి సానుభూతి, ఆశకు ఎత్తిపొడుపు. ఈ రెండింటి మధ్యా మూడోది ఒకటుంది. అది అనుమతి పత్రం. దాన్ని ఫర్మానా అనండి, పర్మిట్టు అనండి, వీసా అనండి. మనిషి శ్రమ ఏ దేశంలో, ఎవరి దగ్గర, ఎంతకాలం, ఏ షరతుల మీద అమ్ముడుపోవాలో నిర్ణయించేది ఆ కాగితమే. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి పిటిషన్ల మీద లక్ష డాలర్లు, అంటే అప్పటి మారకంలో సుమారు 88 లక్షల రూపాయలు, చెల్లించాలని ప్రకటించినప్పుడు మన డెల్టా ఊళ్లలో పుట్టిన కలవరం అందరికీ తెలుసు. చాలామంది దాన్ని ఒక పాలకుడి దుడుకుతనంగా మాట్లాడుకున్నారు. చరిత్ర చూస్తే అది దుడుకుతనం మాత్రమే కాదని తేలుతుంది. ఆ చరిత్ర మొదలు పెట్టడానికి దూరం వెళ్లనక్కరలేదు. బందరు చాలు.

పదిహేడో శతాబ్దపు మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి సముద్రపు వాకిలి. డచ్చివారు 1606లో ఇక్కడ కొలువు తీరారు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ వచ్చింది. అప్పుడు అనుమతి కోసం నిలబడ్డవాడు విదేశీయుడు. ఇచ్చేవాడు గోల్కొండ సుల్తాను. 1632లో కంపెనీకి దొరికిన ‘బంగారు ఫర్మానా’ ప్రకారం ఏడాదికి 500 పగోడాల సుంకం కడితే గోల్కొండ రేవులన్నిటిలో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోవచ్చు. ఈ పత్రాన్ని మన చరిత్ర పుస్తకాలు ఒక వాక్యంలో చెప్పి ముందుకు సాగుతాయి. కానీ అందులో గమనించవలసింది ఒకటుంది. ఆ ఫర్మానా ఓడ దిగిన గుమాస్తాకు గానీ నావికుడికి గానీ ఇచ్చింది కాదు. కంపెనీకి ఇచ్చింది. అనుమతి పెట్టుబడికి. మనిషి ఆ అనుమతి వెనక నడిచి వచ్చినవాడు.

అనుమతితో వచ్చిన పెట్టుబడి అనుమతితో ఆగలేదు. 1759లో కర్నల్ ఫోర్డు సేన బందరు కోటను ఫ్రెంచివారి నుంచి పట్టుకుంది. అడిగినవాడు 127 ఏళ్లలో ఇచ్చేవాడయ్యాడు. ఆ తర్వాత కంపెనీ మన నేతగాళ్లకు ఏం చేసిందో చూడాలి. బయానా ఇచ్చింది. బయానా తీసుకున్నవాడు కంపెనీ సరుకు అప్పగించేదాకా ఇంకొక వర్తకుడికి నేయకూడదన్నది. నేత వాడిది, మగ్గం వాడిది, ఊరు కూడా వాడిదే. అయినా తన పనిని నచ్చినవాడికి అమ్ముకునే హక్కు మాత్రం వాడిది కాదు. నిపుణుడైన పనివాణ్ణి ఒకే యజమానికి కట్టివేసే పద్ధతి ఈ తీరానికి కొత్తది కాదని చెప్పడానికే ఇదంతా ప్రస్తావించాను.

ఇరవయ్యో శతాబ్దంలో దిశ మారింది. ఉత్తర కోస్తా నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వేలాది తెలుగు కూలీలు రంగూను రేవుకు వెళ్లారు. రెండు దేశాలూ ఒకే ప్రభుత్వం కింద ఉన్నంతకాలం వాళ్లకు పాస్‌పోర్టు అక్కరలేదు. 1930 మేలో తెలుగు రేవు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. యజమానులు వారి స్థానంలో బర్మీయులను పనిలోకి తీసుకున్నారు. సమ్మె పరిష్కారమయ్యాక ఆ బర్మీయులను తీసేశారు. దానితో మొదలైన ఘర్షణ జాతి కొట్లాటగా మారి, తెలుగువారిని బలి తీసుకుంది. 1937లో బర్మా ఇండియా నుంచి వేరయింది. 1941లో రెండు ప్రభుత్వాల మధ్య వలసల మీద ఒప్పందం కుదిరింది. నిన్నటిదాకా పడవెక్కి వెళ్లినవాడు నేడు పర్మిట్టు చూపాలన్నారు. అది పూర్తిగా అమలయ్యేలోపే యుద్ధం వచ్చింది. 1942లో జనం కొండలూ అడవులూ దాటి నడిచి ఇంటికి చేరారు. దారిలో రాలిపోయినవాళ్లకు లెక్క లేదు. వరుస గమనించండి. ముందు చవక శ్రమగా ఆహ్వానం. తర్వాత స్థానికుడి ఆకలికి కారణంగా నింద. చివరికి చట్టం.

అమెరికా చట్టాల చరిత్ర కూడా ఇదే వరుసలో నడిచింది. 1917 చట్టం ఆసియా కూలీకి తలుపు మూసింది. 1923 ఫిబ్రవరిలో భగత్‌సింగ్ థిండ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. అదే సంవత్సరం మన పక్క డెల్టా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చదువు కోసం బోస్టన్‌లో అడుగుపెట్టాడు. లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ వంటి మందుల వెనక ఆయన కృషి ఉంది. ఆయన పనిని ఆ దేశం తీసుకుంది. ఆయన్ను పౌరుడిగా తీసుకోవడానికి మాత్రం 1946 దాకా ఆ దేశపు చట్టం ఒప్పుకోలేదు. ఆ ఏడాది భారతీయులకు పౌరసత్వం తెరిచి, ఏడాదికి నూరు మంది వలస కోటా ఇచ్చారు. ఆయన పౌరుడు కాకుండానే 1948లో కన్నుమూశాడు. సుబ్బారావు జీవితాన్ని మనం ప్రతిభ కథగా పిల్లలకు చెబుతాం. అది చట్టం కథ కూడా.

1965లో అమెరికా జాతులవారీ కోటాలు రద్దు చేసింది. డాక్టర్లు కావలసివచ్చింది, మన వైద్య కళాశాలల నుంచి వెళ్లారు. అవసరం తగ్గిందనుకోగానే 1976 చట్టంతో విదేశీ వైద్యులకు నిబంధనలు బిగించారు. తర్వాత ఇంజనీర్ల వంతు. 1990 చట్టం హెచ్-1బిని రూపొందించి ఏడాదికి 65,000 పరిమితి పెట్టింది. కంప్యూటర్ కంపెనీల ఒత్తిడితో 1998లో దాన్ని 1,15,000కు, 2000లో మరో చట్టంతో 1,95,000కు పెంచారు. ఇంటర్నెట్ కంపెనీలు కుప్పకూలాక, 2004లో మళ్లీ 65,000కు దించారు. అక్కడ పీజీ చదివినవారికి ఇంకో 20,000 కలిపారు. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఇది ప్రతిభను తూచే తక్కెడ కాదనీ మార్కెట్టు మిట్టపల్లాలతో లేచిపడే తూము తలుపనీ అర్థమవుతుంది. డెల్టా రైతుకు తూము సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. నీళ్లు ఎవరి పొలానికి కావాలో దాన్నిబట్టే తలుపు లేస్తుంది.

ఈ తూము కింద మన డెల్టా ఎలా చేరిందన్నది రెండో ప్రశ్న. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కాలవల కింద వరి పండింది, మిగులు పెరిగింది. ఆ మిగులు రైసు మిల్లుల్లోకి, సినిమాలోకి, చదువులోకి మళ్లింది. 1843లో రాబర్ట్ నోబుల్ బందరులో పెట్టిన బడి కంపెనీ కొలువుకు ఇంగ్లీషు నేర్పింది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు ప్రభృతులు స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల ఆ చదువుకు ఎదురు నిలిచి, చేతివృత్తులతో కూడిన స్వదేశీ విద్య ఇవ్వజూసింది. ఆ ప్రయత్నం ఎందుకు నిలవలేదో వేరే చర్చ. 1977లో కానూరులో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల, 1998లో గుడివాడ పక్కన గుడ్లవల్లేరు కళాశాల వచ్చాయి. కొలువు కోసం ఒక చదువు, స్వదేశీ కోసం ఒక చదువు, ఎగుమతి కోసం ఒక చదువు. మూడూ ఈ డెల్టాలోనే జరిగాయి.

హెచ్-1బి పని తీరు మన రచయితలు తెలుసుకోవాలి. ఆ పిటిషను పెట్టేది ఉద్యోగి కాదు, కంపెనీ. 1632 నాటి ఫర్మానాలాగే అనుమతి ముందు పెట్టుబడికి. మూడేళ్లు, పొడిగిస్తే ఆరేళ్లు. 2000 నాటి చట్టం కంపెనీ మారే వెసులుబాటు ఇచ్చింది, నిజమే. కానీ మారడానికి ఇంకొక యజమాని పిటిషను కావాలి. ఉద్యోగం పోతే 2017 నుంచి అమలైన నిబంధన ప్రకారం అరవై రోజుల గడువు. శాశ్వత నివాసానికి ఏ దేశానికైనా ఏడు శాతమే గనక భారతీయుల వరుస దశాబ్దాలు సాగుతుంది. తల్లిదండ్రులతో వెళ్లిన పిల్లలు ఇరవై ఒకటో ఏట ఆ వరుసలోంచి జారిపోతారు. భార్యలకు హెచ్-4 వీసా మీద పని చేసే హక్కు 2015 దాకా లేదు, ఆ తర్వాతా కొందరికే. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేత్‌లో జాత్యహంకారి తుపాకీకి ఒక తెలుగు ఇంజనీరు బలయ్యాడు. ఆయన ప్రాణంతో పాటు, ఆ దేశంలో ఉండేందుకు ఆయన భార్యకున్న చట్టబద్ధమైన ఆధారమూ పోయింది. వైధవ్యాన్ని మన సాహిత్యం ఎన్నో కోణాల నుంచి రాసింది. ఈ కోణం మన సంస్కర్తలెవరూ ఊహించనిది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. లక్షల జీతాలవాళ్ల కష్టం అభ్యుదయ విమర్శకు పనికొచ్చే వస్తువా అని. ఈ ఆక్షేపణను తోసిపుచ్చలేం. వెళ్లినవారిలో భూమీ కులమూ ఉన్నవారే ఎక్కువ. వాళ్ల పొలాలు ఊళ్లో ఉన్నాయి, కౌలుకిచ్చారు. ఆ కౌలురైతు సంగతి చూడండి. బ్యాంకులో పంట అప్పు పుట్టాలంటే వాడికి కార్డు కావాలి. 2011 చట్టం ఒక రుణ అర్హత కార్డు ఇచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం పదకొండు నెలల హక్కుపత్రం ఇస్తూ, భూయజమాని సంతకంతో ఒప్పందం ఉండాలంది. కంపెనీ సంతకం పెడితేనే ఆ యజమానికి అక్కడ నిలువ నీడ. ఆయన సంతకం పెడితేనే ఈ కౌలుదారుకి ఇక్కడ అప్పు. అక్కడ తన శ్రమ మీద మరొకరి సంతకం ఎంత బరువో అనుభవిస్తున్నవాడు, ఇక్కడ కౌలుదారు కాగితం మీద సంతకం పెట్టడానికి భూమి పోతుందేమోనని జంకుతాడు. ఈ రెండు భయాలనూ ఒకే కథలో పెట్టగలిగితే వస్తువు దానంతటదే మన వైపుకు వస్తుంది.

దివిసీమ వైపు నడిస్తే మూడో రకం కాగితం కనిపిస్తుంది. 1977 నవంబరు 19 ఉప్పెన పది వేల ప్రాణాలు తీసుకుంది. బతికినవాళ్లు మళ్లీ వలా నాగలీ పట్టారు. అదే ఏడు న్యూయార్కులో అమెరికా తెలుగువారు తమ మొదటి మహాసభ జరుపుకున్నారు. రెండేళ్ల ముందు, 1975లో, హైదరాబాదు ప్రపంచ తెలుగు మహాసభలకు సారథ్యం వహించిన మండలి వెంకట కృష్ణారావు అవనిగడ్డవారే. ఆ మహాసభలు మనకు ‘ప్రపంచ తెలుగు’ అన్న మాటను అలవాటు చేశాయి. కానీ ఆ ప్రపంచంలోకి అందరూ ఒకే గుమ్మం గుండా వెళ్లరు. 1983 వలసల చట్టం కింద పదో తరగతి పాసైనవాడి పాస్‌పోర్టుకు తనిఖీ అక్కరలేదు. పాసవనివాడు గల్ఫుకు పోవాలంటే ‘వలసల సంరక్షకుడి’ అనుమతి తీసుకోవాలి. ఆ పదవి పేరు గిర్మిట్ కూలీల ఓడల నాటిది. ముప్పై ఏళ్లు నిండని ఆడమనిషి ఇంటిపనికి ఆ దేశాలకు పోరాదన్నది మరో నిబంధన. రక్షణ కోసమే అంటారు. దారి మూసినచోట దొంగదారి తెరుచుకుంటుందనీ, ఏజెంటు చేతిలో పడ్డ మనిషికి ఆ రక్షణ కూడా దక్కదనీ కోనసీమ, కడప ఆడవాళ్ల అనుభవం చెబుతోంది. అక్కడికి చేరాక పాస్‌పోర్టు సేఠు దగ్గర, బతుకు అఖామా మీద.

నేను బడిపంతుల్ని. పదో తరగతి ఫలితాలు మాకు ఏటేటా వచ్చేవే. ఆ మార్కుల పట్టిక మీద నా పిల్లలు రెండు జాతుల పాస్‌పోర్టులుగా విడిపోతున్నారని ఈ వ్యాసం కోసం చట్టాలు చదువుతున్నప్పుడు నాకు స్పష్టంగా బోధపడింది. తెలుగు పేపరులో రెండు మార్కులు అటూ ఇటూ అయితే ఒక పిల్ల ఏ గుమ్మం ముందు నిలబడాలో మారిపోతుంది. వ్యాకరణం బోధించేవాడికి ఇంతకంటే బరువైన సంగతి ఏముంటుంది?

కథాసాహిత్యానికి వస్తే, అమెరికా తెలుగు కథ చాలా విస్తరించింది. మంచి కథలున్నాయి. అయినా వాటిలో నాకు తరచు కనిపించేది జ్ఞాపకం, ఒంటరితనం, ఊళ్లో వృద్ధులైన తల్లిదండ్రులు. ఇక్కడివాళ్లు రాసేవాటిలో కనిపించేది కొడుకు కృతఘ్నత. తండ్రి చావుకు రాని కొడుకును మనం ఎన్నిసార్లు తిట్టి ఉంటాం! వస్తే వీసా ముద్ర దొరికేదాకా తిరిగి వెళ్లలేక ఉద్యోగం పోగొట్టుకునే స్థితి అతని రాకను ఆపిందేమో అని ఎన్ని కథలు అడిగాయి? కృతఘ్నత ఉండవచ్చు. కానీ వ్యవస్థ చేసిన పనిని మనిషి స్వభావానికి అంటగట్టడం మన విమర్శ ఒప్పుకోగూడని పద్ధతి. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లో ఒక అప్పు చుట్టూ ఊరి ఆర్థిక చరిత్ర మొత్తం తిరుగుతుంది. కాగితం మీది బాకీని కథకు కేంద్రం చేయడం తెలుగు కథకు తెలుసు. ఆ విద్యను ఈ కొత్త కాగితం మీద ప్రయోగించడమే మిగిలింది.

కాబట్టి సాహిత్య విద్యార్థులకు నా మనవి ఇది. వలస కథ చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఈ మనిషి అనుమతి ఎవరి పేరున ఉంది? అది ఎవరి సంతకంతో రద్దవుతుంది? రద్దయితే ఇతని మీద ఆధారపడ్డవాళ్లు ఏ గుమ్మం ముందు నిలబడతారు? ఈ ప్రశ్నలకు జవాబు లేని కథ కన్నీళ్లు తెప్పించవచ్చు గానీ కాలాన్ని చూపించలేదు. లక్ష డాలర్ల రుసుము రేపు తగ్గవచ్చు, పెరగవచ్చు, కోర్టుల్లో తేలవచ్చు. తూము తలుపు లేచినా దిగినా దాని పిడి ఎవరి చేతిలో ఉందో చెప్పే బాధ్యత రచయితలదే.