గట్టెక్కిన ఇంజను

కాలువలో నీళ్లు అడుగంటిన రోజుల్లో పర్చూరు చుట్టుపక్కల పొలాల్లో ఒక చప్పుడు వినబడేది. డబ్, డబ్, డబ్. తొందరలేని చప్పుడు. నల్లరేగడిలో మిరపతోట వాడిపోకముందే ఎవరో ఆయిలింజను వేశారని ఇంట్లో కూర్చున్నా తెలిసిపోయేది. అదే చప్పుడు పిండిమర దగ్గర, బియ్యం మిల్లు దగ్గర కూడా వినేవాళ్లం. ఇది మెట్టకు పుట్టిన యంత్రమనే నేను చాలాకాలం అనుకున్నాను. దాని వంశవృక్షం సగం నీళ్లలో ఉందని తర్వాత తెలిసింది.

మన కాలువలకు మాత్రం ఇంజను ఆలస్యంగా వచ్చింది. కృష్ణా నీళ్లు తెచ్చే కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువతో కలుస్తుంది. అక్కణ్ణుంచి మద్రాసు దాకా నీటిదారే. ఆ దారిన సరుకు పడవలను తెరచాప నడిపింది, గడ నడిపింది, గాలి లేనప్పుడు గట్టు మీద తాడు లాగిన మనుషుల భుజాలు నడిపాయి. ఈ దారినే 2008లో 4వ జాతీయ జలమార్గంలో చేర్చారు.

ఇంజను కథ ఇంగ్లండులో మొదలవుతుంది. హెర్బర్ట్ అక్రాయిడ్ స్టువర్ట్ 1890లో ఒక నూనె ఇంజనుకు పేటెంటు తీసుకున్నాడు. గ్రాంథం ఊళ్లోని హార్న్స్‌బీ కంపెనీ దాన్ని తయారుచేసి అమ్మింది. దాని తలకాయ మీద ఇనుప బుడ్డి ఒకటి ఉంటుంది. మొదలుపెట్టేముందు ఆ బుడ్డిని బ్లోలాంపుతో బాగా వేడెక్కించాలి. నూనె జల్లు ఆ వేడి గోడను తాకగానే అంటుకుంటుంది. ఒకసారి తిరగడం మొదలయ్యాక తన వేడితో తానే నడుస్తుంది. బాయిలరు అక్కర్లేదు, తడిస్తే మొరాయించే నిప్పురవ్వ తీగలు అక్కర్లేదు, చవక నూనె పోసినా సర్దుకుంటుంది. చేపల పడవకు ఇంతకంటే ఏం కావాలి? ఉత్తర ఐరోపా జాలరులు దీన్ని నెత్తిన పెట్టుకున్నారు. స్టాక్‌హోంలోని బోలిండర్ వాళ్ల పడవ ఇంజనుకు గేరుపెట్టె లేకుండానే వెనక్కి నడిచే ఏర్పాటు ఉండేది. తిరుగుతున్న ఇంజనునే ఆపినట్టు ఆపి, ఎదురు దిశలో తిప్పేవారు. ఆ పని చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

రుడాల్ఫ్ డీజిల్ ఇంజను 1897లో పరీక్షలు నెగ్గింది. 1912లో డెన్మార్కు ఓడ సెలాండియా డీజిల్ బలంతో కోపెన్‌హాగన్ నుంచి బ్యాంకాక్ దాకా సముద్రాలు దాటింది. ఆవిరి ఓడల రోజులు దగ్గరపడ్డాయని లోకానికి అప్పుడు అర్థమైంది.

మన పొలాలకు దగ్గరి చుట్టం లిస్టర్. ఇంగ్లండులో డర్స్‌లీ ఊరి కంపెనీ 1930 ప్రాంతంలో తెచ్చిన ఒంటి సిలిండరు ఇంజను అది. బలం 5 హెచ్‌పీ, వేగం నిమిషానికి 600 చుట్లు. రెండు చుట్లకు ఒక పేలుడు, అంటే సెకనుకు అయిదు. ఆ డబ్‌డబ్ విడివిడిగా చెవికి అందడానికి కారణం ఇదే. తర్వాత వచ్చిన 1500 చుట్ల ఇంజన్లది ఒకటే రొద. స్వాతంత్ర్యానికి ముందు ఏడాది పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ మొదలైంది. రాజ్‌కోట్ కార్ఖానాలు లిస్టర్ నమూనాను పోతపోసి దేశమంతా పంపాయి. అసలు కంపెనీ ఆ నమూనాను మానేశాక కూడా రాజ్‌కోట్‌లో అది ఆగలేదు. అమెరికా, ఆస్ట్రేలియాల్లోని పాత ఇంజన్ల ప్రేమికులు అక్కణ్ణుంచి తెప్పించుకుని, విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించి మురిసిపోయారు.

ఈ బాగుచేత పెద్ద ఓపిక పని. ఏళ్ల తరబడి పడి ఉన్న ఇంజనులో పిస్టన్ పట్టేస్తుంది. సుత్తి పెట్టి కొడితే పోత ఇనుము పగులుతుంది. కిరసనాయిలో డీజిలో పోసి రోజుల తరబడి నాననిచ్చి, చెక్కదిమ్మ ఆనించి మెల్లగా తట్టాలి. కాలువ నీళ్లు తాగిన ఇంజనుకు నీటిగదుల్లో ఒండ్రు పేరుకుంటుంది. అది గోకితే పోతుంది. ఉప్పునీళ్లు నేరుగా తాగిన పడవ ఇంజను అలా కాదు. పైకి నిగనిగలాడుతున్నా సిలిండరు చుట్టూ ఉన్న గోడ లోపల్నుంచి తరిగిపోయి ఉంటుంది. కొనేవాడు ముందు చూడాల్సింది దాన్నే.

తెలుగునేల మీద కాపాడుకున్న సముద్రపు ఇంజన్లను చూడాలంటే విశాఖ రామకృష్ణా బీచికి వెళ్లాలి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన జలాంతర్గామి కుర్సురా 2002 నుంచి అక్కడ మ్యూజియంగా ఉంది. 91 మీటర్ల పొడవున్న ఆ నౌకను ఒడ్డుకు లాగి నిలబెట్టారు. లోపల మూడు డీజిల్ ఇంజన్లు, ఒక్కోటి 2000 హెచ్‌పీ. ఆ సందులో నిలబడి వాటిని చూస్తుంటే నాకు మన మిరపతోటల 5 హెచ్‌పీ ఇంజనే గుర్తొచ్చింది. పెద్దదాన్ని దాచుకున్నాం, మంచిదే. చిన్నదానికీ ఒక చూరు కావాలి.

కరెంటు మోటార్లు వచ్చాక మా వైపు ఆయిలింజన్లు కిలోల లెక్కన తుక్కు కొట్లకు పోయాయి. మా వీధి పిండిమర ఇంజను పోయిన రోజు నేను చూడలేదు. తర్వాత ఒకసారి తుక్కు కొట్టులో అలాంటిదే ఒకటి కనబడితే దగ్గరికి వెళ్లాను. ఫ్లైవీలు పగిలిపోయి ఉంది. పేరూ నంబరూ చెక్కి ఉండే ఇత్తడి రేకు కోసం వెతికాను. ఇత్తడికి వేరే ధర కదా, దాన్ని ముందే ఊడదీశారు. నాలుగు రివిట్ల చిల్లులు మాత్రం మిగిలాయి.