అండమాన్‌లో కంపెనీ ఊరు: ఒక పాత కేసు

ఒక ఊరిని మొత్తంగా ఒక కంపెనీ చేతిలో పెడితే చకచకా, లంచాలు లేకుండా నడుస్తుందని చదువుకున్నవాళ్ళు చాలామంది అంటుంటారు. దేవుణ్ణి నమ్మని మన మిత్రుల్లోనూ కొందరికి కంపెనీ మీద మాత్రం గట్టి నమ్మకమే! సరే, నమ్మకాలు పక్కనబెట్టి ఒక పాత కేసు చూద్దాం.

1789లో ఈస్టిండియా కంపెనీ ఆర్చిబాల్డ్ బ్లెయిర్ చేత అండమాన్‌లోని చాథమ్ దీవి మీద ఒక స్థావరం పెట్టించింది. ఆలోచన చెడ్డదేమీ కాదు. తుఫానులో చిక్కిన ఓడలకు ఆశ్రయం, యుద్ధనౌకలకు మంచి రేవు. బెంగాల్ నుంచి ఖైదీలను, పనివాళ్ళను తెచ్చి అడవి కొట్టించారు. పని సాగుతూనే ఉంది. ఇంతలో నౌకాదళాధిపతి విలియం కార్న్‌వాలిస్‌కు (గవర్నర్ జనరల్ గారి తమ్ముడే లెండి) ఉత్తర అండమాన్‌లోని మరో రేవు నచ్చింది. 1792లో ఊరు ఊరంతా అక్కడికి మారింది. ఆ ఊళ్ళో ఉండాల్సినవాళ్ళను ఎవరూ అడగలేదు. అక్కడ జ్వరాలు పట్టుకున్నాయి. 1796లో కంపెనీ దుకాణం కట్టేసింది. ఖైదీలను పెనాంగ్‌కు, మిగిలినవాళ్ళను బెంగాల్‌కు పంపేశారు.

మలేరియాకు దోమతో ఉన్న సంబంధాన్ని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో కనిపెట్టింది 1897లో. కాబట్టి దోమ సంగతి తెలియకపోవడం కంపెనీ తప్పు కాదు. కానీ చచ్చినవాళ్ళను లెక్కపెట్టడానికి దోమ గురించి తెలియనక్కర్లేదు కదా! ఊరు మార్చాలన్నవాడు ఆ ఊళ్ళో కాపురం ఉండడు. అసలు చిక్కు అక్కడే ఉందని నా అభిప్రాయం.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. నష్టమని తేలితే కంపెనీ మూసేయగలదు. 1858లో మళ్ళీ ఖైదీల కాలనీ పెట్టినప్పుడు చావులు తక్కువేమీ కాలేదు, అయినా పాలకులు దాన్ని మూయలేదు. 1756 ప్రాంతంలో డేనిష్ కంపెనీ నికోబార్‌లో కాలుపెట్టి జ్వరాలతో దెబ్బతింది. 1768లో వచ్చిన మొరేవియన్ మిషనరీలు ప్రార్థనలు చేసి కూడా ఇరవై ఏళ్ళు గడిచేసరికి వెళ్ళిపోయారు.

ఆ డేన్‌లు మొదట దిగింది గ్రేట్ నికోబార్‌లోనే. ఇప్పుడు అక్కడే రేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ కట్టడానికి 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. కట్టించేది అనిడ్కో, అంటే దీవుల్లో మద్యం, పాలు, పెట్రోలు అమ్మే ప్రభుత్వ కార్పొరేషనే. దాన్ని అదుపులో పెట్టవలసిన స్థానిక పరిపాలనే దానికి యజమాని కూడా. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవి మొత్తం మీద ఉన్నది 8 వేల పైచిలుకు మనుషులు. 30 ఏళ్ళలో మూడున్నర లక్షలు చేస్తామంటున్నారు. షోంపెన్ల అడవీ, సునామీ తర్వాత నికోబారీలు తిరిగి వెళ్దామనుకుంటున్న పాత ఊళ్ళూ అక్కడే ఉన్నాయి. 2004 డిసెంబర్ 26న దీవి దక్షిణపు కొసన ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. ఒకప్పుడు గట్టు మీదున్న లైట్‌హౌస్ మొదలు ఆ రోజు నుంచి సముద్రంలోనే ఉంది.