వెనుక బెంచీ మెంబరు, కాలవ కింది రైతు



మైదుకూరు పక్కన కె.సి. కాలవ గట్టు మీద నలుగురు రైతులు కూర్చుంటే, నీళ్ల మాట తరువాత వచ్చే మాట ఒకటి వున్నది. "మనం ఓటేసి ఢిల్లీకి పంపిన మెంబరు అక్కడ ఏం చేస్తాడప్పా?" అని ఒకరంటారు. "మంత్రి అయితే నాలుగు పనులు చేస్తాడు. కాకపోతే వెనుక బెంచీలో కూర్చుని భత్యం తీసుకుని వస్తాడు" అని ఇంకొకరంటారు. ఈ మాట సగం నిజం. మిగిలిన సగం ఏమిటో ఈ పూట చెప్పుకుందాం.

ముందు కాలవ కథతోనే మొదలుపెడదాం. కర్నూలు దగ్గర తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట వున్నది. అక్కడ పుట్టిన కాలవ నంద్యాల సీమ మీదుగా మన జిల్లాకు వచ్చి, ప్రొద్దుటూరు, మైదుకూరు పొలాలు తడిపి, పెన్న మీద ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట దాటి కడప వైపు పోతుంది. పొడవు సుమారు 306 కిలోమీటర్లు. దీన్ని తవ్వించింది ప్రభుత్వం కాదు. 1860 దశకంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ తవ్వించినది. పది లక్షల పౌన్ల మూలధనానికి నూటికి అయిదు వడ్డీ ప్రభుత్వమే హామీ యిచ్చినది. కాలవలో నీళ్లు పారతాయి, పడవలు నడుస్తాయి, లాభాలు వస్తాయి అని కంపెనీవారు లెక్కలు వేసుకున్నారు. అయితే నల్లరేగడి నేలలో జొన్న, పత్తి వానకే పండుతుంటే, కంపెనీ అడిగిన తీరువ యిచ్చి నీళ్లు పెట్టుకోవడానికి రైతు ముందుకు రాలేదు. కంపెనీ దెబ్బతిన్నది. 1882లో ప్రభుత్వం కాలవను కొనేసినది.

ఈ మధ్యలో, 1878లో, లండనులోని కామన్స్ సభ భారతదేశపు పబ్లిక్ వర్క్సు మీద ఒక సెలెక్టు కమిటీని వేసినది. గోదావరి ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ దాని ముందు కూర్చుని సాక్ష్యం చెప్పినాడు. మన దేశపు కాలవలు లాభమా, నష్టమా అని సముద్రాల అవతల విచారణ జరిగినది. పొలం మనది, నీటి తీరువ కట్టేది మనం. ఆ సభలో మాత్రం కడప జిల్లా రైతు ఓటుతో గెలిచిన మెంబరు ఒక్కడూ లేడు. మన తరపున అడిగేవాడు లేకపోతే ఎట్లా వుంటుందో తెలుసుకోవడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

1952లో ఆ లోటు తీరినది. వయసు వచ్చిన ప్రతివారికీ ఓటు వచ్చిన తరువాత జరిగిన మొదటి లోక్‌సభ ఎన్నికల్లో కడప స్థానం నుంచి యెద్దుల ఈశ్వరరెడ్డి గెలిచినారు. జమ్మలమడుగు సీమ మనిషి, కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థి. ఆ ఎన్నికల్లో 489 స్థానాలకు గాను ఆ పార్టీకి వచ్చినవి 16. 1957లో కాంగ్రెసు అభ్యర్థి ఊటుకూరు రామిరెడ్డి గెలిచినారు. మళ్లీ 1962లో, 1967లో, 1971లో ఈశ్వరరెడ్డినే జిల్లా పంపినది. అన్నీ కలిపితే సుమారు ఇరవై సంవత్సరాలు. ఆ ఇరవై సంవత్సరాలూ ప్రతిపక్షమే. మంత్రి పదవి మాట లేదు, సంతకం పెట్టి సొమ్ము మంజూరు చేసే అధికారం లేదు.

మరి అట్లాంటి మెంబరు చేతిలో ఏముంటుంది? మూడు పనిముట్లు వుంటాయి. నాగలి, గుంటక, గొర్రు ఒక్కొక్కటి ఒక్కొక్క పనికి వచ్చినట్లు, ఇవీ అంతే.

మొదటిది ప్రశ్న. లోక్‌సభ కూర్చున్న రోజున మొదటి గంట ప్రశ్నల గంట. మెంబరు ముందుగా నోటీసు యిచ్చి అడుగుతాడు. చుక్క గుర్తు వేసిన ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. చుక్క లేనిదానికి రాతపూర్వకంగా జవాబు వస్తుంది. నోటితో చెప్పిన జవాబు మీద అప్పటికప్పుడు అనుబంధ ప్రశ్న వేయవచ్చు. అసలు పట్టు అక్కడ వున్నది. మొదటి జవాబు కచేరీలో గుమాస్తాలు రాసి యిచ్చినది. రెండవ ప్రశ్నకు మంత్రికే విషయం తెలిసివుండాలి.

రెండవది కోత తీర్మానం. బడ్జెటులో వ్యవసాయశాఖకో, నీటిపారుదలకో పద్దు అడిగినప్పుడు మెంబరు "ఈ పద్దులో నూరు రూపాయలు తగ్గించాలి" అని తీర్మానం యిస్తాడు. నూరు రూపాయలు తగ్గితే ఖజానాకు ఒరిగేది ఏమీ లేదు. ఫలానా కష్టం మీద సర్కారును నిలదీయడానికి అది ఒక దారి. విధానమే తప్పు అని చెప్పదలిస్తే "పద్దును ఒక్క రూపాయికి తగ్గించాలి" అంటాడు. ఇవి నెగ్గవు, నెగ్గుతాయని ఎవరూ అనుకోరు. కానీ మంత్రి లేచి జవాబు చెప్పక తప్పదు, ఆ జవాబు అచ్చుపడుతుంది.

మూడవది కమిటీ. సభలో అరుపులు, కేకలు వున్నా, కమిటీ గదిలో కాగితాలు మాట్లాడతాయి. ఖర్చు అయిన సొమ్మును చూసే పబ్లిక్ అకౌంట్సు కమిటీ 1921 నుంచి వున్నది. అంచనాలు చూసే ఎస్టిమేట్సు కమిటీ 1950లో వచ్చినది. ఇందులో 30 మంది సభ్యులు. మంత్రి అయినవాడు వుండటానికి వీలు లేదు. వెనుక బెంచీ మెంబరు ఇక్కడ ముందుకు వస్తాడు. సెక్రటరీ స్థాయి అధికారి ఎదురుగా కూర్చుని, ప్రాజెక్టు అంచనా ఎందుకు పెరిగినది, కాలవ ఎందుకు ఆలస్యమైనది అంటే సమాధానం చెప్పుకోవాలి. 1953లో ఇంకొక కమిటీ పుట్టినది. మంత్రులు సభలో యిచ్చిన హామీలను ఒక్కొక్కటిగా రాసుకుని, నెరవేరినవా లేదా అని తరచి చూడటం దాని పని. "పరిశీలిస్తాము" అన్న మాట కూడా అక్కడ బాకీగా రాయబడుతుంది. 1993 నుంచి శాఖలవారీగా స్థాయీ సంఘాలు పనిచేస్తున్నవి. వ్యవసాయానికి ఒకటి, జలవనరులకు ఒకటి వున్నవి.

ఇప్పుడు ఈ పనిముట్లతో జరిగిన ఒక పెద్ద వ్యవహారం చెప్పుతాను. ఇది మీ పట్టాకు సంబంధించినది.

మన జిల్లా దత్తమండలాల్లోది. 1800 నుంచి 1807 వరకు ఇక్కడ కలెక్టరుగా వున్న థామస్ మన్రో కాలం నుంచి మనకు రైత్వారీ అలవాటు. నడుమ జమీందారు లేడు. రైతు నేరుగా సర్కారుకు శిస్తు కడతాడు. స్వరాజ్యం వచ్చిన తరువాత జమీందారీలు రద్దు చేసిన చట్టాలకు రాజ్యాంగంలోని 31ఎ అధికరణం రక్షణ యిచ్చినది. ఆ రక్షణ రైత్వారీ భూములకు వర్తించదని 1961లో సుప్రీంకోర్టు కేరళ కేసులో చెప్పినది. దానితో భూమి సీలింగు చట్టాలు కోర్టులో నిలవవేమోనని భయం పుట్టినది. రైత్వారీ భూమిని కూడా ఆ అధికరణం కిందికి తీసుకురావడానికి ప్రభుత్వం రాజ్యాంగ సవరణ బిల్లు తెచ్చినది. అదే 17వ సవరణ.

ఆనాటి సభలో రాయలసీమ నుంచి వచ్చిన ఇద్దరు మెంబర్ల సంగతి చూడండి. కడప నుంచి ఈశ్వరరెడ్డి. చిత్తూరు నుంచి 1962 ఉపఎన్నికలో గెలిచిన ఆచార్య రంగా. రంగాగారు స్వతంత్ర పార్టీ నాయకులు కనుక కూర్చున్నది చివరి వరుస కాదు. అయినా ఆయనా మంత్రి పదవి లేని ప్రతిపక్ష మెంబరే. రైతు చేతి భూమికి ముప్పు వస్తుందని రంగాగారి పార్టీ బిల్లును గట్టిగా ఎదిరించినది. భూమి లేనివారికి భూమి దక్కాలంటే సీలింగు నిలవాలని ఈశ్వరరెడ్డిగారి పార్టీ సమర్థించినది. ఇద్దరినీ పంపింది రైతులే. పది ఎకరాల పట్టాదారు భయమూ నిజమే, సెంటు భూమి లేని కూలివాని ఆశా నిజమే. రెండూ ఒకే సభలో వినిపించినవి.

1964 ఏప్రిల్‌లో ఆ బిల్లు ఓటింగుకు వచ్చినది. ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులకు మించి అనుకూలమే. అయినా బిల్లు పడిపోయినది! రాజ్యాంగం మార్చాలంటే సభ మొత్తం సంఖ్యలో సగానికి పైగా అనుకూలంగా వుండాలి. అంతమంది ఆ రోజు సభలో లేరు. ఖాళీ బెంచీలే బిల్లును ఓడించినవి. తరువాత మళ్లీ ప్రవేశపెట్టి నెగ్గించుకున్నారు. 1964 జూన్ 20న చట్టమైనది. ఆ చట్టంలో ఒక వాక్యం వున్నది, రైతు గుర్తు పెట్టుకోదగినది. రైతు స్వయంగా సాగుచేసుకుంటూ, సీలింగు పరిమితి లోపల వున్న భూమిని సర్కారు తీసుకుంటే, మార్కెట్టు ధరకు తగ్గకుండా పరిహారం యివ్వాలి. ఆ రక్షణ ఈనాటికీ రాజ్యాంగంలో వున్నది.

ఇంతా చెప్పి, మెంబరు మాట్లాడితే కాలవలో నీళ్లు వస్తాయని నేను చెప్పను. నీటిపారుదల రాష్ట్ర ప్రభుత్వం పని. రెండు మూడు రాష్ట్రాల్లో పారే నదుల విషయంలోనే కేంద్రానికి చేయి వున్నది. కృష్ణ నీళ్లు పెన్నకు కలిపే కృష్ణా-పెన్నారు పథకం సీమ రైతుల ఆశ, అది నిలవలేదు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది నందికొండ దగ్గర, నాగార్జునసాగరానికి. సీమకు వచ్చిన నష్టాన్ని ప్రసంగాలు ఆపలేకపోయినవి.

అయితే రాసిపెట్టిన లెక్క వృథా పోదు. కృష్ణా జలాల పంపకానికి 1969లో బచావత్ ట్రిబ్యునలు ఏర్పడినది. ఎప్పటినుంచో వాడుకలో వున్న కాలవలకు అది ముందు రక్షణ యిచ్చినది. అట్లా మన కె.సి. కాలవకు 39.9 టి.ఎం.సి.లు దక్కినవి. నూరేళ్ల నాటి కంపెనీ కాలవ, నూరేళ్లుగా నీళ్లు పెట్టుకున్న రైతులు: ఈ వాడుకే హక్కు అయినది. వాడుక వుంటే చాలదు, అది కాగితం మీద వుండాలి.

కాబట్టి రైతు సోదరులారా, మెంబరు ఊరికి వచ్చినప్పుడు "మా కాలవ చూడండి సామీ" అని దండం పెట్టి వదలవద్దు. కాగితం యివ్వండి. ఏ తూము, ఏ కిలోమీటరు, దాని కింద ఎన్ని ఎకరాలు, ఏ తేదీన నీళ్లు రావలసింది, ఏ తేదీన వచ్చినవి, వరి ఎంత, పసుపు ఎంత ఎండినది అని రాయండి. లస్కరు చెప్పిన మాట వేరు, మీరు చూసిన మాట వేరుగా రాయండి. విస్తరణ ఉద్యోగులు ఈ లెక్క రాయడంలో రైతుకు చేయి అందించాలి. తేదీ, విస్తీర్ణం వున్న కాగితమైతే ప్రశ్నగా మారుతుంది. ఏడుపు మాత్రమే వున్న కాగితం బుట్టలోకి పోతుంది. సభకు నేరుగా అర్జీ పంపుకోవడానికి అర్జీల కమిటీ కూడా వున్నది.

ఇంకొక మాట. మెంబరు ఏం అడిగినాడో తెలుసుకోవడం మన పని. 1952 నుంచి లోక్‌సభ చర్చలన్నీ అచ్చులో వున్నవి. ఇప్పుడు ఇంటర్నెట్టులోనూ దొరుకుతున్నవి. ఊళ్లో చదువుకున్న పిల్లవాడిని కూర్చోబెట్టి, మన జిల్లా పేరు ఎన్నిసార్లు వచ్చినదో, మంత్రి ఏమని హామీ యిచ్చినాడో చూపించమనండి. వచ్చేసారి మెంబరు గడపలోకి వచ్చినప్పుడు ఆ కాగితం చేత పట్టుకుని మాట్లాడండి.

అడగనిదే అమ్మయినా పెట్టదన్నారు. మన తరపున అడిగేవాడికి ఏమి అడగాలో చెప్పవలసింది కాలవ కింద మడి కట్టుకున్న మనమే. సెలవు.