పాపికొండల గండి: అడవి హద్దుల పూర్వచరిత్ర

గోదావరి కూనవరమువద్ద శబరిని కలుపుకొనిన పిమ్మట తూర్పు కనుమలను చీల్చుకొని పోలవరమువద్ద మైదానమున ప్రవేశించుచున్నది. ఈ నడుమనున్న గండినే జనులు పాపికొండలందురు. ఇరువైపుల కొండలు తలలోని పాపిటవలె నదికి దారి యిచ్చుచున్నవి గావున ఈ పేరు కలిగెనని లోకవ్యుత్పత్తి. ఆంగ్లేయులు అందలి అడవిదున్నలనుబట్టి వీనిని బైసన్ హిల్స్ అనిరి. పడవలో పోవువానికి పాపిటయు, తుపాకి పట్టినవానికి దున్నయు కనబడుట వింత కాదు. ఆ వాలులపై పోడు చేసికొని బ్రదికిన కొండరెడ్లకు ఈ గండి యేమిగా కనబడినదో విచారించినవారు మాత్రము అరుదు.

ఈ యడవికి హద్దులేర్పడిన చరిత్రను మేము అడవినుండి కాక నదినుండి ఆరంభింపవలెనని తలచుచున్నాము. ధవళేశ్వరపు ఆనకట్ట 1852 నాటికి ముగిసినది. తరువాత మధ్యపరగణాల ప్రత్తిని నదిమీదుగా సముద్రతీరమునకు చేర్చవలెనను ఆశ పుట్టెను. 1860 నాటి సంధిలో నిజాము ఎగువ గోదావరి యెడమగట్టు భూములను ఆంగ్లేయులకు వదలుకొనుటయు, నదీవ్యాపారముపై సుంకములు తొలగుటయు ఈ యాశకు సంబంధించినవే. దుమ్ముగూడెమువద్ద ఆనకట్ట లేచెను. హేగ్ దొర యాజమాన్యమున పనులు కొంతకాలము సాగెను. కాని నదిలోని రాతి అడ్డులు లొంగలేదు. వ్యయము పెరిగినది, 1871లో పథకము విడువబడినది.

పథకము పోయినను భూమి తిరిగి పోలేదు. 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మధ్యపరగణాలనుండి చెన్నరాజధానిలోని గోదావరి మండలమునకు బదిలీ యయ్యెను. కాగితముపై నిది పరిపాలనా సౌకర్యము. రేకపల్లి కొండలలో దీని ఫలితము వేరు. అంతవరకు దాదాపు అడ్డులేక సాగిన పోడుమీద పన్ను సుమారు మూడింతలు పెరిగెను. కొన్ని తావులలో పోడు బొత్తిగా నిషేధింపబడెను. 1879లో రంప పితూరీ చెలరేగినపుడు రేకపల్లివారు అందులో చేరుటకు కారణమిదియే. రంపలో ప్రజలను రేపినది మన్సబుదారుని చిగురుపన్నును, కల్లుపై క్రొత్త అబ్కారీ నిబంధనలును. పితూరీ యొకటియే యైనను కారణములు రెండు. వీనిని కలిపివేసి అంతయు కల్లు తగవని వ్రాయుట రేకపల్లివారికి అన్యాయము.

1882 నాటి మద్రాసు అడవుల చట్టముతో పోడును అరికట్టు విధానమునకు శాసనబలము కలిగెను. క్రమముగా కలప, వెదురు తెప్పలై గండిగుండా రాజమహేంద్రవరము దిగసాగెను. హైమెండార్ఫ్ 1945లో ప్రకటించిన బైసన్ హిల్స్ రెడ్ల గ్రంథములో, కొండమీది పోడురెడ్లకును, నదియొడ్డున కలప వర్తకుల అప్పులలో చిక్కిన రెడ్లకును గల భేదము స్పష్టముగా కనబడును. ఒకే జాతి, ఒకే కొండ. ఒడ్డుకు దిగినవాని బ్రదుకు వేరు.

1978లో ఈ యడవి అభయారణ్యమయ్యెను, 2008లో 1012.86 చదరపు కిలోమీటర్ల జాతీయోద్యానమయ్యెను. దున్నలకును పులులకును ఇది మేలే, మాకందులో సంశయము లేదు. కాని 2006 నాటి అటవీహక్కుల చట్టము వచ్చిన పిమ్మట, ఏ వాలు ఎవరి తాతల పోడో చెప్పుట కేవలము చరిత్రకారుల వినోదము కాదు. హక్కు కోరువారు తప్ప తక్కిన పెద్దల వాఙ్మూలమును వ్రాసికొనినచో, దానిని ఆ చట్టపు నియమములు సాక్ష్యముగా అంగీకరించుచున్నవి. పోలవరము జలాశయపు పూర్ణనీటిమట్టము 45.72 మీటర్లు, ఆ నీటివలన గండిలోని యొడ్డు పల్లెలు చెదరుచున్నవి. కొండవాలులకును, వాగులకును, రాళ్లకును రెడ్లు పెట్టుకొనిన పేర్లు పటములలో అన్నియు లేవు, ఆ పల్లెలవారి నోళ్లలో కలవు. వారు కొత్త కాలనీలలో స్థిరపడి ఒక తరము గడవకముందే వానిని సేకరింపవలెను. ఆ పని తెలుగు శాఖలది.