బందరు చీటీ, లండను బనియను

ధనుర్మాసం తెల్లవారుజామున కూడా బందరులో ఓ దుప్పటి కప్పుకుంటే చాలు. కోటు తొడిగేంత చలి దివిసీమకీ, గుడివాడకీ ఎప్పుడూ రాదు. అయినా ఒకప్పుడు ఐరోపా పెద్దమనుషులు చలికాలం ఇంట్లో తొడుక్కున్న పొడుగు అంగీలకి ఈ కోరమాండల్ తీరం అద్దకం గుడ్డ, అంటే చీటీ గుడ్డ, వెళ్ళేది.

కథ జపానులో మొదలైంది. ఏటా కొలువుకి వచ్చే డచ్చి కంపెనీవాళ్ళకి షోగున్ దూది కుక్కిన పట్టు కిమోనోలు బహూకరించేవాడు. అవి హాలెండు చేరాక అందరికీ కావాల్సివచ్చాయి, వచ్చేవేమో కొన్నే. దాంతో అదే కత్తిరింపుని మన చీటీ గుడ్డలో దింపారు. పేరు మాత్రం 'జపాను అంగీ'. గుడ్డ మనది, గొప్ప వాళ్ళది!

డచ్చివాళ్ళు బందరులో 1605లో దిగారు, ఇంగ్లీషువాళ్ళు 1611లో. డచ్చివాళ్ళ వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచివాళ్ళ పరాసుపేట ఇప్పటికీ ఆ పేర్లతోనే ఉన్నాయి.

ఉన్నినీ పట్టునీ ఉతకడం కష్టం. ఐరోపా అద్దకం గుడ్డకేమో రంగు నిలిచేది కాదు. ఇక్కడి కిటుకు వేరు. గుడ్డని పేడనీళ్ళలో నానబెట్టి, ఉతికి, కరక్కాయ రసం కలిపిన గేదెపాలలో ముంచేవారు. పాల జిడ్డుకి రంగు పక్కకి పాకదు. తుప్పు ఇనుమూ బెల్లమూ పులిసిన కసిం కరక్కాయకి తగిలితే నల్లగీత. పటిక అద్దిన చోట చిరివేరు మరుగులో ఎరుపు పట్టేది. ఎన్ని ఉతుకులు ఉతికినా అది వదలదు.

ఎండాకాలానికి పలుచని అంగీ, చలికి దూది పెట్టి కుట్టింది. ఐరోపా పెద్దమనుషులు ఇంట్లో విగ్గు తీసేసి, గొరిగిన తలకి టోపీ పెట్టి, ఆ అంగీలోనే అతిథుల్ని పలకరించేవారు. లండను ఉద్యోగి శామ్యూల్ పెపీస్ 1661లో 34 షిల్లింగులు పోసి 'ఇండియన్ గౌను' కొన్నాడు. అది ఏ రేవుదో అతని డైరీ చెప్పదు. 1666లో బొమ్మ గీయించుకోవడానికి మళ్ళీ ఒకటి అద్దెకి తెచ్చాడు. చలి ఒక్కటే కారణమైతే అద్దె గౌను ఎందుకు?

ఈ మోజు అక్కడి నేతగాళ్ళ పొట్ట కొట్టింది. ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1701 నుంచి మన చీటీల్ని నిషేధించాయి.

ఇంగ్లీషువాళ్ళు ఆ అంగీని 'బనియన్' అనేవారు. గుజరాతీ కోమటి 'వాణియా' నుంచి వచ్చిన మాట. తర్వాత అదే మాట ఇండియాలోని దొరల లోచొక్కాకి దిగింది. 1886 నాటి 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు ఈ అర్థాన్నీ చెబుతుంది. చలికి తొడిగిన అంగీ పేరు, బందరు ఎండల్లో చొక్కా విప్పి కూర్చున్నాయన ఒంటిమీద ఇప్పటికీ ఉంది.